సిరిని వెతుక్కుంటూ వంద గంటలు!

రెండున్నర గంటల సినిమాలో మూడో పాట మొదలవగానే సోడా తాగడానికి బయటికి పరుగెత్తే మనం, ఒకే కథ ముందు వంద గంటలు కూర్చోగలమా అని ఎవరైనా అడిగితే నవ్వొస్తుంది. కానీ కూర్చోగలం సుమా! కూర్చోవడమే కాదు, కథ అయిపోయాక "అప్పుడే అయిపోయిందా!" అని దిగులుపడగలం కూడా. ఈ వారం కబుర్లు సినిమా గురించి కాదు, సినిమాకి పినతల్లి బిడ్డలాంటి కంప్యూటర్ ఆట గురించి. దాని పేరు 'ది విచర్ 3: వైల్డ్ హంట్'. 2015 మే 19న విడుదలయింది. ఆ సంవత్సరం గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ ఆటగా బహుమతి కొట్టింది. 2023 నాటికి 5 కోట్ల కాపీలు దాటి అమ్ముడయిందని తయారుచేసినవాళ్ళే ప్రకటించారు. నేను మొన్నటికి పూర్తిచేశాను. లేటయితేనేం, పాత సినిమా సెకండ్ రన్‌లో చూస్తే రుచి తగ్గుతుందా?

రెండు హెచ్చరికలు. ఒకటి, ఇది 18 ఏళ్ళు నిండినవాళ్ళకే. నెత్తురు, బూతు, పడకగది – అన్నీ వున్నాయి. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, తొందరపడకండి. రెండు, కథ కొంత చెప్పేస్తున్నాను. సస్పెన్సు కావాలనుకునేవాళ్ళు ఈ పేజీ మడిచి దాచుకోండి.

పత్రికలో కథ, తెర మీద హీరో

మన యద్దనపూడి సులోచనారాణి గారి నవలలు 'మీనా', 'సెక్రటరీ' తెర కెక్కినట్టే ఈ హీరో కూడా అచ్చులోంచి నడిచొచ్చినవాడే. పోలండ్ దేశంలో ఆంద్జే సప్కోవ్‌స్కీ అనే ఆయన 1986లో 'ఫాంటాస్టికా' అనే పత్రిక పెట్టిన కథల పోటీకి ఒక కథ పంపాడు. మొదటి బహుమతి రాలేదు, మూడోది వచ్చింది. కానీ పాఠకులు ఆ కథని వదల్లేదు. ఒక కథ పది కథలయింది, తర్వాత నవలలయింది.

2001లో పోలండ్ వాళ్ళే దీన్ని సినిమా తీశారు. మిహావ్ జెబ్రోవ్‌స్కీ హీరో. పుస్తకాన్ని ప్రేమించినవాళ్ళు ఆ సినిమాని చూసి నెత్తి కొట్టుకున్నారు. నవలని సినిమా తీస్తే పాఠకులు నిర్మాత మీద విరుచుకుపడడం మన దగ్గరే కాదు, అక్కడా వుందన్నమాట! ఆ తర్వాత 2019 డిసెంబర్‌లో నెట్‌ఫ్లిక్స్ సీరియల్‌గా వచ్చింది. మొదటి మూడు సీజన్లలో హెన్రీ కావిల్ హీరో, నాలుగో సీజన్ నించి లియామ్ హెమ్స్‌వర్త్. హీరో మారితే అభిమానులు ఎంత గోల చేస్తారో మీకు వేరే చెప్పాలా?

అసలు గొప్ప సంగతి ఆట తీసినవాళ్ళది. సీడీ ప్రోజెక్ట్ అనే ఆ కంపెనీని 1994లో వార్సా నగరంలో ఇద్దరు బడి స్నేహితులు మొదలుపెట్టారు. అప్పట్లో వాళ్ళ పని ఆటలు తయారుచెయ్యడం కాదు, విదేశీ ఆటల సీడీలు తెప్పించి అమ్మడం. బజారు నిండా దొంగ కాపీలు! అసలు డబ్బా ఎవరు కొంటారు? అప్పుడు వాళ్ళకొక ఆలోచన తట్టింది. 'బాల్డర్స్ గేట్' అనే ఇంగ్లీషు ఆటని 1999లో పోలిష్ భాషలోకి డబ్బింగ్ చేసి, పేరున్న నటీనటులతో మాటలు చెప్పించారు. జనం క్యూ కట్టారు. పరాయి కథ తమ సొంత గొంతులో వినిపించేసరికి దొంగ కాపీ రుచించలేదు! డబ్బింగ్ అంటే చిన్నచూపు చూసేవాళ్ళు ఈ ముక్క గుర్తుంచుకోవాలి. ఆ డబ్బింగ్ వ్యాపారంలోంచే తర్వాత సొంత ఆటలు పుట్టాయి. విచర్ మొదటిది 2007లో, రెండోది 2011లో. ఆ రెండోదాన్ని ఆ ఏడాది పోలండ్ ప్రధాని డొనాల్డ్ టస్క్, తమ దేశానికి వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఒబామాకి కానుకల్లో ఒకటిగా ఇచ్చాడు. ఆయన ఆడలేదనుకోండి, అది వేరే సంగతి.

రచయితగారి విషయం కూడా చెప్పాలి. ఆటలో వాటా ఇస్తామంటే వద్దని, సప్కోవ్‌స్కీ ఏకమొత్తం డబ్బు పుచ్చుకున్నాడు. ఆటకి డబ్బెక్కడొస్తుందని ఆయన లెక్క. తీరా కోట్లు కురిశాక 2018లో లాయర్ల ద్వారా 6 కోట్ల జ్లోటీలు అడిగాడు. 2019లో రెండు పక్షాలూ కొత్త ఒప్పందం రాసుకున్నాయి. సినిమాలకి కథ లమ్మే కుర్ర రచయితలూ, వింటున్నారా?

పేరే సిరి!

ఇక కథ. హీరో గెరాల్ట్. తెల్లజుట్టు, పిల్లి కళ్ళు, ముఖాన గాటు, వీపున రెండు కత్తులు. డబ్బు పుచ్చుకుని రాక్షసుల్ని చంపడం వృత్తి. అలాంటివాళ్ళని విచర్లంటారు. జనానికి వీళ్ళతో అవసరం వుంటుంది కానీ, పక్కన కూర్చోబెట్టుకోవడానికి మాత్రం మనసొప్పదు. పని చేయించుకున్నాక కూలి దగ్గర బేరాలాడతారు.

అతనికి కన్నబిడ్డలు లేరు. పెంచిన బిడ్డ ఒకతె. పేరు సిరి! ఆ పోలండ్ ఆయనకి తెలుగు రాదు గానీ, మనం వింటే ఒళ్ళు ఝల్లుమంటుంది. కన్నతండ్రి నీల్ఫ్‌గార్డ్ చక్రవర్తి ఎమ్హిర్. ఇంగ్లీషులో ఆ పాత్రకి గొంతు ఇచ్చింది 'గేమ్ ఆఫ్ థ్రోన్స్'లో టైవిన్ లానిస్టర్‌గా వేసిన చార్లెస్ డాన్స్. కుర్చీలోంచి లేవకుండా మాటతోనే చలి పుట్టిస్తాడు! ఆ పిల్ల రక్తంలో ఏదో శక్తి వుంది, లోకాల మధ్య దూకగలదు. అందుకని ఆమె వెంట మంచు గుర్రాల మీద దెయ్యపు సైన్యం పడింది. దాని పేరే వైల్డ్ హంట్. కన్నతండ్రికి వారసురాలు కావాలి, సైన్యానికి ఆమె రక్తం కావాలి, మంత్రగత్తెలకి ఆమె శక్తి కావాలి. ఆమె ఆమెలాగా కావలసింది గెరాల్ట్ ఒక్కడికే. కథంతా ఈ ఒక్క వాక్యం మీద నడుస్తుంది.

ఫైట్ల సంగతి

ఫైట్లు లేకుండా మన కుర్రకారు వూరుకుంటారా? వున్నాయి, దండిగా వున్నాయి. రాక్షసులకి వెండి కత్తి, మనుషులకి ఉక్కు కత్తి. ఎడమచేత్తో ఐదు మంత్రాలు: ఒకటి తోసేస్తుంది, ఒకటి కాల్చేస్తుంది, ఒకటి చుట్టూ కవచం కడుతుంది, ఒకటి నేల మీద వల పన్నుతుంది, ఒకటి మనసు మళ్ళిస్తుంది. అయితే ఊరికే బటన్లు టపటపా నొక్కితే రెండో దెబ్బకి గెరాల్ట్ నేలమీదుంటాడు. ముందు ఆ జంతువేమిటో పుస్తకం తీసి చదవాలి, దానికి పడని నూనె కత్తికి రాయాలి, మందు తాగాలి. మందు మోతాదు మించితే అదే విషం. ఫైట్ మాస్టర్ కంటే వైద్యుడి పని ఎక్కువ! తక్కువ కష్టం కావాలంటే ఆ మార్పు సెట్టింగ్స్‌లో వుంది. కథ కోసం ఆడేవాళ్ళు సిగ్గుపడకుండా తగ్గించుకోండి.

తాగుబోతు బేరన్

ఇంతవరకూ అయితే ఇది మంచి జానపదం. కానీ మొదటి పదిపదిహేను గంటల్లోనే ఒక పాత్ర వస్తుంది. వెలెన్ అనే యుద్ధం తిని వదిలేసిన చిత్తడి నేలలో కోట ఆక్రమించుకుని, తనకి తానే బేరన్ అని పేరు పెట్టుకున్న సైనికుడు. ఎర్రటి ముఖం, పెద్ద పొట్ట, సిరి గురించి చెప్పేటప్పుడు మెత్తబడే గొంతు. పెళ్ళాం, కూతురు కనబడడం లేదు, వెతికిపెట్టమంటాడు. సరే పాపం అని బయలుదేరతాం.

వెతికినకొద్దీ తెలుస్తుంది. వాళ్ళు తప్పిపోలేదు, పారిపోయారు. ఇతగాడు తాగి పెళ్ళాన్ని కొట్టేవాడు. ఒక రాత్రి ఆ గొడవలో కడుపు పోయింది. పేరైనా పెట్టకుండా ఆ పసిగుడ్డుని పాతిపెట్టేశాడు. పేరులేని ఆ బిడ్డ దెయ్యమై తిరుగుతోంది. ఇక్కడ ఆట మనల్ని అడుగుతుంది: చంపుతావా? లేక తండ్రి చేత దాన్ని ఎత్తించి, గడప దగ్గరికి మోయించి, పేరు పెట్టించి, కూతురని ఒప్పిస్తావా? నేను రెండోది పట్టాను. వానలో ఆ భారీ మనిషి, వికారమైన ఆ పసిగుడ్డుని గుండెకి హత్తుకుని వణుకుతూ నడుస్తుంటే, అది మేల్కొని మీద పడకుండా నేను పక్కన మంత్రం వేస్తూ నడవాలి. ఫైటు కాదు, పాట కాదు. ఊపిరి బిగబట్టి ఆడినది ఆ నాలుగు నిమిషాలే.

ఇలాంటి పాత్ర మన సినిమాల్లో ఎన్నిసార్లు చూశాం! పద్నాలుగో రీల్లో భర్త మారిపోతాడు. భార్య కళ్ళొత్తుకుని కాళ్ళకి దణ్ణం పెడుతుంది. శుభం కార్డు. ఇక్కడ ఆ కార్డు దొరకదు. చిత్తడిలో ఒక గుట్ట కింద బందీగా వున్న ఆత్మని వదిలిపెడితే అనాథ పిల్లలు బతుకుతారు, కానీ ఒక వూరు నాశనమవుతుంది, బేరన్ భార్య చనిపోతుంది, బేరన్ ఉరేసుకుంటాడు. ఆ ఆత్మని చంపితే భార్య మతి చెడి బతుకుతుంది, బేరన్ ఆమెని వైద్యం కోసం కొండలకి తీసుకుపోతాడు, పిల్లలు మాత్రం మాయమవుతారు. ఏది మంచిది? ఏదీ కాదు. అతను ఏడ్చాడని క్షమించలేం. చేసింది గుర్తుంచుకుని కసిగా చంపనూ లేం. దెబ్బలు తిన్న ఆవిడకి న్యాయం జరిగిందా అంటే ఏ దారిలోనూ జరగలేదు. దెబ్బ కొట్టినవాడి పశ్చాత్తాపం దెబ్బ తిన్నవాళ్ళ బతుకుని తిరిగి తెచ్చివ్వదనే మాటని ఇంత గట్టిగా చెప్పిన సినిమాలు ఎన్నో వుండవు.

ఇద్దరు హీరోయిన్లు, ఒక తాడు

బరువెక్కింది కదూ? కాస్త నవ్వుకుందాం. హీరోకి ఇద్దరు హీరోయిన్లు. నల్లకురుల యెన్నిఫర్, ఎర్రకురుల ట్రిస్. ఇద్దరూ మంత్రగత్తెలే. మన సోగ్గాళ్ళు కొందరు "ఎవర్నో ఒకర్ని ఎంచుకోవడమెందుకు" అని ఇద్దరికీ ప్రేమించానని చెప్పేస్తారు. సినిమాలో అయితే డ్యూయెట్ మీద డ్యూయెట్ పడేది. ఇక్కడ ఇద్దరూ కలిసే వస్తారు, నవ్వుతూ మంచానికి కట్టేస్తారు, కట్టేసి చక్కా పోతారు! ఆపైన ఇద్దరూ దక్కరు. ఎంత చక్కటి గుణపాఠం!

ఒక పాట గురించి కూడా చెప్పకపోతే పాపం. నోవిగ్రాడ్ నగరంలో ఒక సత్రం. ప్రిసిల్లా అనే గాయని వీణలాంటి వాద్యం పుచ్చుకుని గెరాల్ట్, యెన్నిఫర్ల ప్రేమ మీద పాట అందుకుంటుంది. ఆట ఆగిపోతుంది. కత్తి లేదు, బటన్ లేదు. కెమెరా నెమ్మదిగా వింటున్నవాళ్ళ ముఖాల మీదికి పోతుంది. అంత హింస చేసిన చేతులకి పని లేకుండా చేసి కూర్చోబెట్టడం దర్శకుడి గుండెధైర్యం. మిగతా సంగీతంలో పర్సివల్ అనే పోలిష్ జానపద బృందం ఆడగొంతులు ఫైట్ల మీద కేకలేస్తుంటాయి. మన జాతరలో డప్పు వినపడ్డట్టు కాలు ఆగదు.

మరో ముచ్చట. వెలెన్‌లో ఒక రాత్రి పల్లెజనం చీకట్లో దీపాలు పెట్టుకుని పితృదేవతలకి ఆహారం పెడతారు. పోలండ్, లిథువేనియా, బెలారుస్ ప్రాంతాల పాత ఆచారం అది. దాని పేరే పెట్టి ఆడమ్ మిత్స్‌కియేవిచ్ అనే మహాకవి నాటకం రాశాడు. మహాలయ పక్షాల్లో తాతలకి పిండం పెట్టే ఇంట్లో పెరిగినవాడికి ఆ దృశ్యం పరాయిగా తోస్తుందా? ఎవరి మట్టి వాసన వాళ్ళు దాచుకోకుండా చూపిస్తేనే అది ఇంకొకరికి సొంతమవుతుంది.

ఐదు చిన్న సీన్లు

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. సిరి బతుకుతుందా లేదా అన్నది ఈ ఆటలో దేనిమీద ఆధారపడుతుందో తెలుసా? కత్తిసాము మీద కాదు. ఎన్ని రాక్షసుల్ని చంపామన్న దానిమీద కాదు. మధ్యలో వచ్చే ఐదు చిన్న సన్నివేశాల మీద!

పెద్ద యుద్ధంలో తాతలాంటి వెసెమిర్ చనిపోతాడు. సిరి కుమిలిపోతుంది. అప్పుడు తండ్రి ఏం చెయ్యాలి? "అన్నీ నీకే చేతకావాలా" అని సముదాయించి సీసా తెరవచ్చు. లేదా మంచు ముద్ద చేసి ఆమె మీద విసరవచ్చు. మంత్రగత్తెల సభకి ఆమె వెళ్ళాలి. "నేనూ వస్తా" అనొచ్చు, "నువ్వే మాట్లాడుకోగలవు, పో" అనొచ్చు. ఆమెకి కోపమొచ్చి గురువు ప్రయోగశాలలో సామాను పగలగొట్టాలనిపిస్తుంది. "శాంతించు" అనొచ్చు, "కానీ" అనొచ్చు. తనకి సాయం చేసి, పిరికిపంద అన్న నింద మోసుకుని చచ్చిపోయిన ఒక కుర్రాడి సమాధికి పోదామంటుంది. "ఇప్పుడా?" అనొచ్చు, "పద" అనొచ్చు. చక్రవర్తి దగ్గరికి తీసుకువెళితే ఆయన కూలి లెక్కపెట్టి ఇస్తాడు. సిరిని అప్పగించి సిరి పుచ్చుకోవచ్చు, వద్దని వచ్చేయవచ్చు.

చూశారా, ఏ దానికీ తప్పు అన్న ముద్ర లేదు! కాపాడతానని వెంటవెళ్ళే తండ్రి చెడ్డవాడా? శాంతించమనడం చెడ్డ మాటా? కానీ ఆట నోరు మూసుకుని లెక్క రాసుకుంటుంది. గంటలు గడిచాక, లోకాన్ని మింగడానికి వచ్చే మంచుని ఆపడానికి సిరి ఒంటరిగా ఒక ద్వారంలోకి నడుస్తుంది. గెరాల్ట్ ఆపలేడు. మన చేతిలో బటన్ వుండదు. వంద గంటలు ఆమెని కాపాడిన చేతులు వూరికే వుండిపోతాయి. అప్పుడామెకి గుర్తొచ్చేవి ఆ చిన్న సీన్లే. నమ్మిన తండ్రి గుర్తొస్తే తిరిగి వస్తుంది. ప్రతిసారీ అడ్డం పడిన తండ్రి గుర్తొస్తే, రాదు.

సేవ్ చేసుకున్న చోటికి పోయి మళ్ళీ ఆడుకోవచ్చు కదా అంటారేమో! అక్కడే వుంది తెలివి. ఫలితం వెంటనే తెలిస్తే అందరం రీటేక్ తీసుకునేవాళ్ళం. ఇక్కడ మాట అన్నది ఒకరోజు, దాని దెబ్బ తెలిసేది ఇంకెప్పుడో. ఇళ్ళల్లో జరిగేది ఇదే కాదండీ? మన సినిమాల్లో తండ్రికి కూతురు ప్రాణం. నిజమే. కానీ ఆ ప్రాణాన్ని గుప్పిట్లో పెట్టుకోవడమే ప్రేమని ఎన్ని హిట్లు చప్పట్లు కొట్టించుకోలేదు! చదువు, ఉద్యోగం, పెళ్ళి – "నీ మంచికే" అన్న రెండు మాటలకింద ఎన్ని తలలు వంగలేదు! "నువ్వు వెళ్ళిరా, చేసుకోగలవు" అన్న తండ్రికే కూతురు దక్కుతుందని తీర్పు చెప్పిన ఈ ఆట, వయసొచ్చిన పిల్లలకే కాదు, వాళ్ళ నాన్నలకీ చూపించదగ్గది.

నా ఆటలో సిరి తిరిగొచ్చింది. చక్రవర్తికి ఆమె చనిపోయిందని గెరాల్ట్ అబద్ధం చెప్పాడు. వైట్ ఆర్చర్డ్ అనే పల్లెలో సత్రంలో కూర్చుని, ఆమె కోసం చేయించిన వెండి కత్తి చేతికిచ్చాడు. సింహాసనం వద్దని ఆమె రోడ్డు పట్టింది. ఆమె మహారాణి అయ్యే ముగింపూ వుంది, కన్నీళ్ళతో ఆగిపోయే ముగింపూ వుంది. 2024 డిసెంబర్‌లో ప్రకటించిన నాలుగో ఆటలో కత్తి పట్టే ప్రధాన పాత్ర సిరే!

కంది పప్పులో రాళ్ళు

లోపాలు లేవా? వున్నాయి. విలన్ ఎరెడిన్ బొత్తిగా బలహీనం. మంచు కవచం, పెద్ద కిరీటం, చివరికి మాటలు నాలుగు. బేరన్ ముందు ఇతను జూనియర్ ఆర్టిస్టు! స్కెలిగె సముద్రంలో మ్యాపు నిండా ప్రశ్నార్థకాలు. పడవేసుకుని పోతే ప్రతిచోటా అవే పీపాలు, అవే పెట్టెలు. గెరాల్ట్ ఇరుకు గదిలో తిరగాలంటే లారీ రివర్సు చేసినంత పని. గుర్రం రోచ్ ఒక్కోసారి ఇంటి కప్పు మీద ప్రత్యక్షమవుతుంది. కూతురు ప్రాణాపాయంలో వుంటే దారిలో కనబడ్డ ప్రతి దుకాణదారుణ్ణీ "గ్వెంట్ పేకాట ఆడదామా" అని అడిగే తండ్రిని ఏమనాలి? (ఆ పేకాట మాత్రం బహు కమ్మగా వుంటుంది, ఒప్పుకోవాలి.) ఇన్ని భాషల్లో అక్షరాలు కనబడే ఈ ఆటలో తెలుగు లేదు. పోలిష్ కుర్రాళ్ళు డబ్బింగ్‌తో మొదలుపెట్టి ఇంతవాళ్ళయ్యారే, ఆ డబ్బింగ్ థియేటర్లు మనకి లేవా? గొంతులు లేవా? ఎవరైనా పూనుకుంటే బాగుండును.

తర్వాత వచ్చిన రెండు పొడిగింపులు 'హార్ట్స్ ఆఫ్ స్టోన్' (2015), 'బ్లడ్ అండ్ వైన్' (2016) కూడా వదలకండి. మొదటిదాంట్లో అద్దాలమ్మే మామూలు మనిషిలా వచ్చే గాంటర్ ఓడిమ్, ఎరెడిన్ లేని లోటు వడ్డీతో సహా తీరుస్తాడు. ఆ చిరునవ్వుకి వెన్ను జలదరించకపోతే అడగండి!

సరేనండీ, స్థలం అయిపోయింది. ఆడేవాళ్ళకి ఒక్కటే సలహా: ఇంటర్నెట్‌లో "మంచి ముగింపు ఎలా" అని చూసి ఆడకండి. ఆ ఐదు చోట్లా మీకు తోచిందే చెయ్యండి. మీ ఆటలో సిరి తిరిగొచ్చిందా, రాలేదా, మీరు సీసా తెరిచారా, మంచు ముద్ద విసిరారా – ఉత్తరం రాయండి. మంచి ఉత్తరాలు ఈ పేజీలోనే వేద్దాం. వచ్చేవారం మళ్ళీ కలుద్దాం.